సెంటుకు ఎన్ని గజాలు?



పోయిన వేసవిలో మా సంఘంలో ఒక పెద్దావిడ తన పొలం అమ్ముకోవలసి వచ్చింది. ఊరి చివర, రోడ్డు పక్కన అర ఎకరం. అంటే 50 సెంట్లు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు చేసిన అప్పు తీరాలన్నా, మనవరాలు చదువుకోవాలన్నా ఆ నేల ఒక్కటే ఆధారం. కొనేవాళ్ళు ప్లాట్లు వేసుకుంటారట. అందుకని బేరం ఎకరం లెక్కన గాక గజం లెక్కన కుదిరింది. గజం మూడు వేలు. మధ్యవర్తి ఒక కాగితం తీసుకుని గబగబా లెక్క వేశాడు. "సెంటుకు నలభై ఎనిమిది గజాలు. యాభై సెంట్లకు రెండు వేల నాలుగు వందల గజాలు. మొత్తం డెబ్భై రెండు లక్షలు."

ఆవిడ మావైపు చూసి, "అయ్యగారూ, సరిపోయిందాండీ?" అని అడిగింది. మేము తల ఊపాం. సెంటుకు నలభై ఎనిమిది గజాలని మేమూ చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మనవరాలు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్ల, మెల్లగా అంది. "అయ్యగారండీ, ఎకరానికి 4840 గజాలు కదండీ. అందులో నూరో వంతు సెంటైతే 48.4 గజాలు రావాలి."

మధ్యవర్తి నవ్వి, "ఆ పాయింటు నాలుగులో ఏముందమ్మా" అన్నాడు. ఏముందో ఆ పిల్లే చెప్పింది. యాభై సెంట్లకు ఇరవై గజాలు. గజం మూడు వేల చొప్పున అరవై వేల రూపాయలు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక మాట మాత్రం నిజం చెప్పాలి. ఆ మధ్యవర్తి మోసగాడు కాదు. ఏళ్ళ తరబడి అందరికీ అదే లెక్క వేస్తున్నాడు. కొనేవాళ్ళు కూడా మంచివాళ్ళే, వెంటనే 2420 గజాలకే డబ్బు కడతామన్నారు. అందరికంటే ఎక్కువ సిగ్గుపడవలసింది మేమే. నమ్మి అడిగిన మనిషికి లెక్క చూడకుండా తల ఊపింది మేము.

ఆ రాత్రి ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఒకే నేలకు సెంటు ఒకటి, గజం ఒకటి, కాగితాల్లో చదరపు మీటరు ఇంకొకటి ఎందుకు? ఇన్ని కొలతలు మన ఇళ్ళలోకి ఎలా వచ్చాయి? తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఒక్క రోజులో మనం వాడే కొలతలు

పొద్దున లేచిన దగ్గర నుంచి చూడండి. పాలు లీటర్లలో పోయించుకుంటాం. మల్లెపూలు మూర లెక్కన కొంటాం. జాకెట్ గుడ్డ సెంటీమీటర్లలో కోయించుకుని, అంగుళాల టేపు పట్టుకున్న టైలరుకు ఇస్తాం. పిల్లవాడి బరువు కిలోల్లో, ఎత్తు అడుగుల్లో చెబుతాం. బయట ఎండ 42 డిగ్రీలంటే అది సెల్సియస్. ఇంట్లో జ్వరం 102 అంటే అది ఫారెన్‌హీట్. ఒకే ఇంట్లో, ఒకే రోజు రెండు రకాల డిగ్రీలు! అయినా ఎవరమూ తికమకపడం.

ఇల్లు కట్టేచోటికి వెళ్తే ఇనుప కడ్డీ మందం మిల్లీమీటర్లలో, బరువు కిలోల్లో. గోడ పొడవు అడుగుల్లో. నీళ్ళ పైపు అరంగుళం, ముప్పావు అంగుళం. మోటారు సైకిలు టైరు మీద అంకెలు చదివితే వెడల్పు మిల్లీమీటర్లలో, లోపలి చక్రం అంగుళాల్లో ఉంటుంది. ఒకే రబ్బరు ముక్క మీద రెండు దేశాల కొలతలు.

ధాన్యం మద్దతు ధర ప్రభుత్వం క్వింటాలుకు ప్రకటిస్తుంది. కోస్తాలో మన రైతు దిగుబడిని 75 కిలోల బస్తాల్లో చెబుతాడు. పత్తి రైతు క్వింటాళ్ళలో అమ్మితే, ఆ పత్తి జిన్నింగు మిల్లు దాటాక వ్యాపారులు దాని ధర కండీల్లో చెప్పుకుంటారు. కండీ అంటే సుమారు 356 కిలోలు. ఆ అంకె ఎక్కడిది? బొంబాయి కాలపు 784 పౌన్లు. పౌను పేరు పోయినా లెక్క మిగిలింది.

గొలుసు నుంచి పుట్టిన సెంటు

మన పెద్దలు నేలను విత్తనంతో కొలిచేవారు. తూమెడు విత్తనాలు పట్టే నేల, పుట్టెడు విత్తనాలు పట్టే నేల అనేవారు. గింజల కొలతకు ఒక చక్కని వరుస ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కళ్ళంలో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెట్టేవారు. మీలో పెద్దవాళ్ళకు ఇది గుర్తుండే ఉంటుంది.

ఎకరం కూడా మొదట అలాంటిదే. ఇంగ్లండులో ఒక కాడి ఎద్దులు ఒక రోజులో దున్నగలిగిన నేల అది. తర్వాత దానికి లెక్క కట్టారు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే గణిత పండితుడు నేల కొలవడానికి 66 అడుగుల గొలుసు తయారు చేశాడు. అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులు కలిస్తే ఒక ఎకరం. ఇంగ్లీషువాళ్ళ అడుగులూ గజాలూ ఆ గొలుసులో ఉన్నాయి. వందలతో భాగించుకునే సౌకర్యమూ అందులోనే ఉంది. మన నేలకు ఎకరాల లెక్క తెచ్చింది ఇంగ్లీషువాళ్ళ సర్వేలే. ఎకరంలో నూరో వంతును మద్రాసు రాజధాని వైపు సెంటు అన్నారు. నైజాం వైపు ఎకరాన్ని 40 గుంటలు చేశారు. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, సరిగ్గా 121 గజాలు. అందుకే తెలంగాణలో గుంటను గజాల్లోకి మారిస్తే చిల్లర మిగలదు. మన సెంటుకు మాత్రం ఆ పాయింటు నాలుగు తోకలా వస్తుంది. మనం దాన్ని కోసేస్తాం. ఆ పెద్దావిడకు అరవై వేలు పోబోయింది ఆ తోక దగ్గరే.

తూనికల్లో గందరగోళం ఇంకా ఎక్కువ. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే సుమారు 11 కిలోల మూడు వందల గ్రాములు. బెంగాలు మణుగు 37 కిలోల పైచిలుకు. పేరు ఒకటే, బరువు మూడింతలు తేడా. ఏ ఊరి మణుగో అడగకుండా సరుకు కొన్నవాడి గతి ఏమిటో ఆలోచించండి.

మీటరు మన దేశానికి వచ్చిన దారి

ఫ్రాన్సులోనూ ఒకప్పుడు ఇదే పరిస్థితి. ఊరికొక మూర, సంతకొక కుంచం. జమీందారు చేతిలో ఉన్న కొలతే పేదవాడికి న్యాయం. 1789లో విప్లవం వచ్చినప్పుడు ప్రజలు చెప్పుకున్న బాధల్లో ఇదీ ఒకటి. అప్పుడు అక్కడి పండితులు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఏ రాజు చేతినో, ఏ రాజు పాదాన్నో ప్రమాణంగా తీసుకోవద్దు, అందరికీ చెందిన భూమినే కొలుద్దాం అన్నారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతును మీటరు అన్నారు. డెలాంబర్, మెషేన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డంకర్క్ నుంచి బార్సిలోనా దాకా ఏళ్ళ తరబడి కొలిచారు. 1799లో ప్లాటినం కడ్డీ సిద్ధమైంది. అంత శ్రమపడ్డా అది అసలు ఉండవలసిన దానికంటే ఒక మిల్లీమీటరులో అయిదో వంతు పొట్టిగా వచ్చింది! మనిషి కొలతలో ఎక్కడో ఒకచోట లోపం ఉండనే ఉంటుంది.

మన దేశానికి మీటరు మొదట రైలు పట్టాల మీద వచ్చింది. 1870 ప్రాంతంలో లార్డ్ మేయో వైస్రాయిగా ఉన్నప్పుడు, తక్కువ ఖర్చుతో సన్నని పట్టాలు వేయాలనుకున్నారు. దేశానికి త్వరలో మెట్రిక్ కొలతలు వస్తాయన్న ఆశతో పట్టాల మధ్య దూరాన్ని సరిగ్గా ఒక మీటరు చేశారు. 1871లో చట్టం కూడా చేశారు. పేరు సేరే, బరువు మాత్రం ఒక కిలోగ్రాము! పాత పేరుతో కొత్త కొలతను జనానికి అలవాటు చేయాలనుకున్నారు. 1872 ఫిబ్రవరిలో అండమాన్‌లో మేయో హత్యకు గురయ్యాడు. ఆ చట్టం అమలుకు నోచుకోలేదు. పట్టాలు మాత్రం మిగిలాయి. గుంటూరు, గుంతకల్లు మధ్య 1990ల దాకా మీటర్ గేజీ బండి ఎక్కినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. దేశంలో మీటరు ఇంకా చట్టం కాకముందే దాని మీద ప్రయాణం చేశారు మన తాత ముత్తాతలు. పక్కనే ఉన్న బ్రాడ్ గేజీ మాత్రం అయిదడుగుల ఆరు అంగుళాలు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ పని మళ్ళీ మొదలైంది. మొదట డబ్బులు మారాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారు అణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. పావలాకు 25, అర్ధ రూపాయికి 50 నయాపైసలు చక్కగా సరిపోయాయి. చిక్కు అణా దగ్గర వచ్చింది. అణాకు లెక్క ప్రకారం ఆరుంబావు నయాపైసలు. ఆ పావు పైసా ఎవరి జేబులోకి పోవాలి? రోజుకు అణా సరుకు కొనుక్కునేవాళ్ళే ఆ పావును లెక్కపెట్టుకోవలసి వచ్చింది. వందలతో లావాదేవీలు చేసేవాళ్ళకు అది కనబడలేదు.

1956లో తూనికలు, కొలతల చట్టం చేశారు. 1958 అక్టోబరు 1 నుంచి కిలోలు రావడం మొదలైంది. అంచెలంచెలుగా 1962 నాటికి వీశలు, సేర్లు అంగళ్ళ నుంచి తప్పుకున్నాయి. ఇంత పెద్ద దేశంలో, చదువు రానివాళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల్లో, కొద్ది సంవత్సరాల్లోనే ఇది జరగడం చిన్న విషయం కాదు. అయితే చట్టం త్రాసులోని రాళ్ళను మార్చగలిగింది గాని నోటిలోని మాటను మార్చలేకపోయింది. బంగారం కొట్లో తులం ఇంకా బతికే ఉంది. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు తులం అంటే పది గ్రాములు. మామ్మ చెప్పే తులమూ మనవరాలు కొనే తులమూ ఒకటి కావు.

నీళ్ళ సంగతి చూడండి. వానను మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఆ వాన కృష్ణలో పడగానే క్యూసెక్కులవుతుంది, అంటే సెకనుకు ఘనపు అడుగులు. జలాశయంలో చేరగానే టీఎంసీలవుతుంది, అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. నది లెక్కలు మొదట అడుగుల్లో రాశారు. రాష్ట్రాల మధ్య నీటి పంపకాలు కూడా టీఎంసీల్లోనే జరిగాయి. అందుకే వాటిని ఎవరూ కదిలించరు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే వరద రోజుల్లో పేపరు చదవడం సులువు.

రెండు కొలతల మధ్య సందు

ఇలా కలగాపులగంగా ఉండటం తప్పా? తప్పని మేము అనుకోం. ఏ పనికి ఏ కొలత అలవాటైందో ఆ పనివాడి చేతికి అదే నమ్మకం. అంగుళానికి కూడా ఇప్పుడు సొంత ప్రమాణం లేదు. 1959 నుంచి ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నీ అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లని ఒప్పుకున్నాయి. రెండూ పక్కపక్కన బతకగలవు. ప్రమాదమంతా ఒకదాని నుంచి ఇంకొకదానికి దాటే చోట ఉంది.

1983 జూలై 23న కెనడాలో జరిగినది వినండి. ఆ దేశం అప్పుడే మెట్రిక్‌కు మారుతోంది. ఎయిర్ కెనడా వారి కొత్త బోయింగ్ 767 విమానంలో ఇంధనం చూపించే మీటరు పనిచేయలేదు. చేత్తో కొలిచి లెక్క వేశారు. 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోల అంకెకు బదులు పౌన్ల అంకెతో గుణించారు. ఒకరికి ఇద్దరు లెక్క సరిచూశారు. అందరూ అదే తప్పు అంకె పెట్టి చూశారు. విమానం కావలసిన దానిలో సగం కూడా లేని ఇంధనంతో బయలుదేరింది. 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోసాగింది, ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గాలిలో జారుస్తూ గిమ్లీ అనే చోట పాత విమానాశ్రయంలో దించారు. 69 మంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మా తల ఊపడమే గుర్తొచ్చింది. మధ్యవర్తి వేసిన అంకెతోనే మేమూ లెక్క చూశాం. అంకెను మాత్రం చూడలేదు.

సంచిలో రెండు రాళ్ళు

మన తెలుగు బైబిలును గమనించారా? నోవహు ఓడ కొలతలు మూరల్లో ఉన్నాయి. అబ్రాహాము సమాధి భూమికి ఇచ్చిన వెండి తులాల్లో ఉంది. అనువాదకులు హెబ్రీ కొలతల పక్కన మన సంత కొలతలు పెట్టారు. యూదా దేశపు తవ్వకాల్లో దొరికిన తూనికరాళ్ళను బట్టి చూస్తే అక్కడి షెకెలు సుమారు 11.3 గ్రాములు. మన పాత తులం 11.66. ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. హెబ్రీ భాషలో తూనికకు వాడిన మాటకు అర్థం కూడా 'రాయి' అనే. మనమూ తూనికరాళ్ళు అనే అంటాం కదా.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో దేవుడు ఒక సంగతి నిషేధించాడు. ఒకే సంచిలో కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి పెట్టుకోకూడదు. అనేక కొలతలున్న లోకంలోనే ఆ మాట చెప్పాడని గుర్తుంచుకోండి. ఐగుప్తు కొలతలు వేరు, బబులోను కొలతలు వేరు. వాటి మధ్యనే ఇశ్రాయేలీయులు వర్తకం చేశారు. రెండు కొలతలు తెలిసి ఉండటాన్ని ఆయన తప్పు పట్టలేదు. ఒక్కటే తెలిసిన మనిషి ముందు రెండోదాన్ని దాచిపెట్టడాన్ని అసహ్యించుకున్నాడు. మేము దానికి ఇంకొకటి కలుపుకుంటున్నాం. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకుండా తల ఊపేవాడు ఆ సంచి మోయడానికి చేయి వేసినట్టే.

ఈ లోకంలో చిల్లర ఎప్పుడూ ఎవరివైపు రాలుతుందో చూడండి. సెంటులో పాయింటు నాలుగు, అణాలో పావు పైసా, తులంలో గ్రామున్నర. లెక్క అడగడానికి మొహమాటపడేవాళ్ళ దగ్గర నుంచే అది పోతుంది. మన సంఘంలో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. పొలం అమ్మే విధవరాలు ఉంది. చంటిబిడ్డకు మందు ఎంత పోయాలో తెలియక ఇంట్లో దొరికిన చెంచాతో పోసే తల్లి ఉంది. సీసాతో వచ్చే చిన్న గ్లాసు మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయని ఆమెకు ఎవరైనా చూపించారా?

అందుకని ఒక చిన్న పని చేశాం. ప్రార్థనా మందిరంలో చెప్పులు విడిచే చోట గోడ మీద ఒక అట్ట కట్టాం. ఆ పిల్ల చేతే రాయించాం.

ఎకరం = 100 సెంట్లు = 40 గుంటలు = 4840 గజాలు
సెంటు = 48.4 గజాలు = 435.6 చదరపు అడుగులు = 40.47 చదరపు మీటర్లు
హెక్టారు = 2.47 ఎకరాలు
అడుగు = 30.48 సెంటీమీటర్లు
క్వింటాలు = 100 కిలోలు
మందు టీస్పూను = 5 మిల్లీలీటర్లు

దాని కింద ఆ పిల్ల తనంతట తానే ఒక వాక్యం చేర్చింది: "చిల్లరను చివర్లో సరిచేయాలి, మొదట్లో కాదు." లెక్కల మాస్టారు చెప్పారట. మేము ఆ ఆదివారం ప్రసంగంలో అరగంట చెప్పినదంతా అందులోనే ఉంది.

ప్రియులారా, మీలో చదువుకున్న పిల్లలు ఈ సెలవుల్లో మీ మామ్మనో తాతయ్యనో అడిగి వాళ్ళ కొలతలు రాసుకోండి. మీ కొలతలు వాళ్ళకు నేర్పండి. బేరం జరిగే చోట మీరు ఉంటే కాగితం మీద రెండు కొలతలూ రాసి, బిగ్గరగా చదివి వినిపించండి. ఎవరైనా మిమ్మల్ని నమ్మి "సరిపోయిందా?" అని అడిగితే, తల ఊపే ముందు ఒక్క నిమిషం ఆగండి.

ఆ పెద్దావిడ అరవై వేలలో మొదటి వెయ్యి రూపాయలు కానుకల పెట్టెలో వేయబోతే మేము వారించాం. "మీ మనవరాలికి మంచి కాలిక్యులేటరు కొనిపెట్టండమ్మా" అన్నాం. కొనిపెట్టింది. ఇప్పుడు ఊళ్ళో ఎవరు నేల అమ్మినా, కొన్నా ముందు ఆ ఇంటికి వెళ్తున్నారు.

ప్రభువా, మా చేతిలోని త్రాసును, మా నోటిలోని లెక్కను, మా తల ఊపును కూడా నీవే సరిచూడు. ఆమేన్.